గాజువాక ప్రాంత గ్రామనామాలు – స్థానిక చరిత్ర

1. ప్రస్తావన:

విశాఖపట్నానికి నైరుతి దిశలో ఉన్న గాజువాకను నేడు పారిశ్రామిక పట్టణంగానే గుర్తిస్తున్నారు. కర్మాగారాలకు పూర్వం ఇది వ్యవసాయ గ్రామాల సముదాయం. ఆ తొలి ఆవాసాల స్వరూపానికి ఊరి పేర్లే ప్రధాన ఆధారాలని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. తొలి ఆవాసాలు:

‘గాజువాక’లోని ఉత్తరపదం ‘వాక’. దీనికి ఏరు, ప్రవాహం అని నిఘంటువుల అర్థం. ఉత్తరాంధ్ర వ్యవహారంలో ఏటిని ‘గెడ్డ’ అంటారు. ‘వాక’ మాత్రం ఊరి పేరులో నిలిచిపోయింది. పెదగంట్యాడ, చినగంట్యాడ జంటగా ఏర్పడిన పేర్లు. కూర్మన్నపాలెంలో వ్యక్తినామం, దిబ్బపాలెంలో నేల స్వభావం కనిపిస్తాయి. వడ్లపూడి, అగనంపూడి పేర్లలో ‘పూడి’ ఉత్తరపదం సమానం. అంటే నీరు, నేల, మనిషి అనే మూడింటి ఆధారంగా ఇక్కడి పేర్లు ఏర్పడ్డాయి.

3. పరిశ్రమలు – కొత్త పేర్లు:

1941లో సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. ఆ సంస్థ పేరే నేటికీ ఒక కూడలికి నిలిచి ఉంది. 1966 నాటి ఉక్కు ఉద్యమం తరువాత, 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖలో ఉక్కు కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు భూములిచ్చి నిర్వాసితులయ్యారు. పునరావాస కాలనీలు వెలిశాయి. ఉపాధి హక్కుకు గుర్తుగా ‘ఆర్ కార్డు’ అనే మాట ఇక్కడి వాడుకలో స్థిరపడింది. ఉక్కునగరంలో వీధులకు బదులు అంకెలతో సెక్టార్లు ఏర్పడ్డాయి. కణితి అనే ఊరి పేరు కర్మాగారానికి నీరందించే జలాశయానికి చేరింది. 2005లో గాజువాక మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది.

4. ముగింపు:

పాత పేర్లు ప్రకృతిని, పూర్వీకులను తెలిపితే, కొత్త పేర్లు సంస్థలను, అంకెలను తెలుపుతున్నాయి. ఊరు కదిలినా పేరు మిగిలితే చరిత్రకు ఆధారం ఉంటుంది. పేరు కూడా మరుగైతే అక్కడ ఒక ఊరుండేదన్న సంగతే తరువాతి తరానికి తెలియదు. భూములిచ్చిన తరం వృద్ధాప్యంలో ఉన్నందున, ఆ గ్రామాల పొలాలు, చెరువులు, గ్రామదేవతల పేర్లను వారి నోట విని, రెవెన్యూ దస్త్రాలతో సరిచూసి నమోదు చేయడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.