మోటారుబండి దీపములు – స్టెప్నీ చక్రము

ఎద్దులబండి కట్టి సంతకు బయలుదేరు రైతు ఇరుసునకు కందెన పెట్టి, కడశీలను చేతితో తట్టి చూచిన పిమ్మటనే పగ్గములు చేపట్టెడివాడు. ఈ పనిని అతనికెవరును పుస్తకమున వ్రాసి నేర్పలేదు. శీల యూడిన బండి యేమగునో అతడు కన్నులార చూచినవాడు. నేడు ఎల్లంతకుంట మండల గ్రామములలో ఎద్దులబండ్లు అరుదై, వాని స్థానమున ట్రాక్టర్లును, సరకుబండ్లును, కారులును వచ్చినవి. వైద్యమునకు కరీంనగరమునకును, వ్యవహారములకు సిరిసిల్లకును, మ్రొక్కుబడులకు వేములవాడకును, బంధువుల యిండ్లకు సిద్దిపేట వైపునకును కారులోనే పోవుచున్నాము. కాని కడశీలను తట్టి చూచు ఆ యలవాటు మాత్రము బండితోడనే పోయినట్లున్నది. కారునందును అట్టి శీలలు రెండు కలవు. ఒకటి స్టీరింగు వెనుక వెలుగు దీపముల పలక. దానినే డ్యాష్‌బోర్డు అనుచున్నాము. రెండవది డిక్కీలో దుమ్ముపట్టి పండుకొనియుండు స్టెప్నీ. ఈ రెండును ఆపదవేళ పనికివచ్చునవి; అయినను వీనిని ఆపదవేళ నేర్చుకొనుటకు వీలుపడదు.

ముందు దీపముల మాట. తాళపుచెవి త్రిప్పగానే, ఇంజను మొదలు కాకమునుపే, పలకమీద అనేక దీపములు ఒక్కసారిగా వెలిగి, కొద్ది క్షణములలో ఆరిపోవును. ఇది వేడుకకు గాదు. దీపములు బ్రతికియున్నవో లేవో బండి తన్ను తాను పరీక్షించుకొనుచున్నది. ఆ సమయమున వెలుగవలసిన దీపము వెలుగకున్నచో, అవసరము కలిగినపుడును అది వెలుగదు. ఆరవలసిన దీపము ఆరకున్నచో, లోపమేదియో యున్నదని గ్రహింపవలెను. ఎరుపు దీపము వెలిగినచో బండిని వెంటనే సురక్షితస్థలమున నిలుపవలెను. పసుపు దీపమైనచో త్వరలో చూపింపవలెను. ఆకుపచ్చ, నీలి దీపములు ఏ మీట పనిచేయుచున్నదో తెలుపునవి మాత్రమే. నీలిదీపము వెలుగుచున్నదనగా ముందరి పెద్ద దీపములు పై వెలుగులో నున్నవని యర్థము. ఎదురుగా వచ్చువాని కన్నులు చెదరుచుండును గాన దానిని దించవలెను.

నూనెబుడ్డి ఆకారము గల ఎర్రదీపము వెలుగగానే ఇంజను నాపవలెను. "ఇంకెంత, వచ్చే ఊరిదాకా పోదము" అనుకొని పోయినవారు ఇంజను ఖరీదు చెల్లించినవారే. నూనె ఒత్తిడి లేని ఇంజను కందెన లేని ఇరుసు వంటిది. అయితే ఇరుసు కీచుమని అరచి ముందుగా చెప్పును, ఇంజను చెప్పదు. ఉష్ణమానపు ఎర్రదీపము వెలిగినపుడు బండి నాపి, చల్లారువరకు వేచియుండవలెను. వేడిగానున్న రేడియేటరు మూత విప్పినచో మరుగునీరు ముఖమునకు ఎగసి చర్మమును కాల్చును. నీరు పోయవలెనను తొందర ఆ గడియలో పనికిరాదు.

ఇటీవలి కారులలో గుఱ్ఱపునాడా వలె నుండి నడుమ ఆశ్చర్యార్థకము గల పసుపుదీపమొకటి కలదు. అది టైరులలో గాలి తగ్గినదని చెప్పును. దీనిని గూర్చి కొంత విపులముగ వ్రాయవలసియున్నది, ఏలయన ఇక్కడనే తెలివైనవారు సైతము పొరపడుచున్నారు. కొన్ని బండ్లలో ప్రతి చక్రమునందును గాలిని కొలుచు పరికరముండును. మరికొన్నింటిలో అట్టి పరికరము లేదు. గాలి తగ్గిన చక్రము చుట్టుకొలత స్వల్పముగా తగ్గి మిగిలినవానికంటె వేగముగ తిరుగును గాన, ఆ భేదమును లెక్కించి బండి దీపము వెలిగించును. ఈ రెండవ జాతి బండ్లలో గాలి సరిచేసిన పిమ్మట పలకలోని అమరికలలోనికి పోయి "ఇదే సరియైన గాలి" యని తెలుపవలసియుండును. గాలి నింపకయే, దీపము కంటికి అడ్డుగా నున్నదని ఆ మీటను నొక్కువారున్నారు. అప్పుడు బండి తక్కువగాలినే సరియైనదిగా నేర్చుకొనును. దీపము ఆరును, ఆపద నిలుచును. తక్కువగాలితో పరుగెత్తు టైరు ప్రక్కగోడలు మాటిమాటికి వంగి వేడెక్కును. మన వేసవి మధ్యాహ్నమున, నిండు బరువుతో, రాజీవ్ రహదారి వంటి త్రోవపై వేగముగా పోవునపుడు అట్టి టైరు పగులుటకు ఎంతసేపు పట్టును? కావున ముందు గాలి, తరువాత మీట. గాలి ఎంతయుండవలెనో డ్రైవరు తలుపు తెరచిన చోట స్తంభముపై అంటించిన చీటిలో వ్రాసియుండును. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపలివైపున నుండును. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకె ఆ టైరు తాళగల గరిష్ఠమే గాని మన బండికి తగినది కాదు. బండి నడువక చల్లగానున్నపుడే కొలువవలెను.

పలక వెలుగును గూర్చి ఒక మాట. చీకటిలో కంటిపాప విప్పారి మసక వెలుగునకు అలవాటుపడును. ఎదుట పలక పగటివలె వెలుగుచున్నచో, కన్ను దానికే అలవాటుపడి త్రోవపై నున్న నల్లని వస్తువును చూడజాలదు. మన త్రోవలపై రాత్రివేళ ఏమేమి యుండునో వేరుగ చెప్పనక్కరలేదు: వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ, ఇంటికి మరలు బఱ్ఱెలు, యాసంగి కోతల నాడు ఆరబోసిన వడ్లకుప్ప, దాని చుట్టును పెట్టిన రాళ్లు. గనుక రాత్రి పలక వెలుగును తగ్గించుకొనవలెను. నడుమనున్న పెద్ద తెరను రాత్రి రంగులోనికి మార్చవలెను. దీనికి విరుద్ధమైన ముప్పును కలదు. క్రొత్త బండ్లలో బయటి దీపములు వేయకున్నను పలక మాత్రము ప్రకాశించుచునే యుండును. పూర్వము పలక చీకటిగానున్నచో దీపములు వేయలేదని తెలిసెడిది; నేడు తెలియదు. మునిమాపువేళ వెనుక దీపములు లేకయే పోవు కారు వెనుకవానికి కానరాదు. కెనడా దేశమున ఈ కారణముచేతనే 2021 సెప్టెంబరు నుండి క్రొత్త బండ్లకు ప్రత్యేక నియమము విధించిరి. మన బండిలో "ఆటో" అను గుర్తుగల మీట యున్నచో దానిని అక్కడనే యుంచుట మేలు. లేనిచో సూర్యాస్తమయమునకు చేతితో వేయవలెను.

ఈ అమరికలన్నియు బండి నిలిచియున్నపుడే చేయవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. తెరపై మూడు సెకనులు కన్నుంచితిమేని 50 మీటర్ల త్రోవను గ్రుడ్డిగా దాటితిమన్నమాట. 2019 జూలై 1 తరువాత తయారైన కారులలో వేగము 80 దాటగానే నిమిషమున కొకసారియు, 120 దాటినచో ఎడతెగకయు హెచ్చరిక మ్రోగును. ఆ మ్రోత విసుగు కలిగించుచున్నదని మెకానికు చేత దానిని తీసివేయించువారిని చూచుచున్నాము. కుక్క అరచుచున్నదని కుక్కను కొట్టి దొంగను విడిచినట్లున్నది.

ఇక స్టెప్నీ. ఆ మాట విని అదేదో యంత్రశాస్త్ర పదమని తలంతురు గాని, అది యొక వీధిపేరు. బ్రిటను దేశపు వేల్సు ప్రాంతమున లానెల్లి యను పట్టణము కలదు. అచటి స్టెప్నీ వీధిలో డేవిస్ అను ఇంటిపేరు గల యిరువురు సోదరులు 1904లో ఈ ఉపాయమును కనిపెట్టిరి. అప్పటి కారులకు అదనపు చక్రము లేదు. టైరు పగిలినచో త్రోవప్రక్కన కూర్చుండి, దానిని విప్పి, ట్యూబునకు అతుకు వేసికొనవలసినదే. ఆ సోదరులు చువ్వలు లేని చక్రపుకమ్మికి గాలి నింపిన టైరును తొడిగి, పగిలిన చక్రమునకు ప్రక్కగా బిగించునట్లు చేసిరి. ఇంగ్లీషువారు నేడు ఆ పేరు వాడుట అరుదు. మన పంచరు దుకాణములలో మాత్రము అది నిలిచియున్నది. బ్రెజిలు దేశస్థులును అదనపు చక్రమును "ఎస్తెపె" అందురు.

పేరు నిలిచినను గాలి నిలువదు. వాడకపోయినను టైరునుండి నెలకు కొంత గాలి తగ్గుచునే యుండును. రెండేండ్లు ముట్టని స్టెప్నీని అర్ధరాత్రి బయటికి తీసి చూచినచో అదియు మెత్తబడియుండుట వింత గాదు. నెలకొకసారి నాలుగు చక్రములతోపాటు దానికిని గాలి చూపింపవలెను. వయస్సును చూడవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసియుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. తిరుగకున్నను రబ్బరు ముసలిదగును. పదేండ్లు దాటినదానిని, చాళ్లు నిండుగా కానవచ్చినను, నమ్మరాదు. సరకుబండ్లలోను కొన్ని పెద్ద కారులలోను స్టెప్నీ వెనుకభాగము క్రింద వ్రేలాడుచుండును. పొలముదారి బురద పట్టి దానిని దించు మర త్రుప్పుపట్టును. ఏడాదికి రెండుసార్లైనను దించి కడిగి మరల ఎత్తవలెను.

స్టెప్నీలన్నియు ఒక్కతీరు గావు. కొన్ని మిగిలిన నాలుగింటితో సమానము. కొన్ని సన్ననివి, వానిపై గంటకు 80 కిలోమీటర్లు మించరాదని చీటి యుండును, గాలి మాత్రము మామూలు టైరుకంటె చాల హెచ్చుగా, తరచుగా 60 పౌండ్లు, ఉండవలెను. అది పంచరు దుకాణమువరకు చేర్చుటకే గాని వారముల తరబడి తిరుగుటకు గాదు. స్టెప్నీలో కొలుచు పరికరము లేనిచో గాలిదీపము సుమారు నిమిషము మిణుకుమని పిదప వెలుగుచునే యుండును, దానికి భయపడనక్కరలేదు. కొన్ని క్రొత్త కారులకు స్టెప్నీయే యుండదు. 2020లో కేంద్రప్రభుత్వము నిబంధనలను సవరించి, ట్యూబు లేని టైరులును, గాలిని తెలుపు పరికరమును, మరమ్మతు సామగ్రియు ఉన్న కారులకు అదనపు చక్రము అక్కరలేదనెను. ఆ సామగ్రిలోని జిగురు మేకు గ్రుచ్చిన రంధ్రమును మూయును గాని, రాయి కోసిన ప్రక్కగోడను మూయజాలదు. కంకరదారులలో తిరుగు రైతు కారు కొనునపుడే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

చక్రము మార్చుటలో ప్రాణము పోవు తావులు రెండు: ఒకటి త్రోవ, రెండవది జాకీ. టైరు పగిలినపుడు బ్రేకును గట్టిగా త్రొక్కక, స్టీరింగును రెండుచేతుల పట్టి, వేగము తానుగా తగ్గిన పిదప ఎడమకు తీసి, తారుదారి పూర్తిగా విడిచి నిలుపవలెను. చక్రపు రేకు పాడైనను సరే, మలుపు దాటి బాగుగా కనబడు చోటికి మెల్లగా పోవుట మంచిది. ఎర్రని ముక్కోణపు మీట నొక్కి నాలుగు మూలల దీపములు వెలిగించి, బండితో వచ్చిన ముక్కోణపు పలకను కనీసము 50 మీటర్లు వెనుకగా నిలుపవలెను. ఆడవారిని, పిల్లలను దించి త్రోవకు దూరముగా గట్టుమీద నుంచవలెను. కుడివైపు చక్రమైనచో, విప్పువాని వీపు త్రోవవైపునకే యుండును. అట్టి చోట వెడల్పు లేనిచో ముందుకు పోయి వేరొక స్థలము వెదకవలసినదే.

మన నల్లరేగడిలోను, వాన తడిసిన చెలకలోను జాకీ పాదము దిగబడును. దానికొరకు మూరెడు పొడవు గల మందపు చెక్కపలక నొకదానిని డిక్కీలో నుంచుకొనుడు. దీనికి ఖర్చు లేదు. చేతిబ్రేకు వేసి, మొదటి గేరులో నుంచి, ఎత్తబోవు చక్రమునకు మూలగా నున్న చక్రమునకు రాళ్లు ఒత్తుపెట్టవలెను. నట్లను బండి నేలపై నుండగనే సగము చుట్టు వదులు చేయవలెను. ఎత్తిన పిదప బలముగ లాగినచో బండి జాకీపైనుండి జారును. జాకీని పుస్తకములో చూపిన గుర్తుకడనే పెట్టవలెను. స్టెప్నీని తొలుత బండి అంచుక్రింద పరుండబెట్టవలెను. పాతచక్రము విప్పినపుడు దానిని అచట పెట్టి స్టెప్నీని తీసికొనవలెను. జాకీ జారినను బండి ఆ చక్రముపై నిలుచును. ఏ కారణముచేతను శరీరమును బండి క్రిందికి పోనీయరాదు. పడిన నట్టునైనను పుల్లతో లాగవలెనే గాని చేయి చాపరాదు.

నట్ల సన్ననివైపు చక్రమువైపునకుండవలెను. వానికి నూనె పూయరాదు. ఒకదాని ప్రక్కదానిని గాక, ఎదురెదురుగా బిగించి, బండిని దించిన పిమ్మట మరల గట్టిగా బిగించవలెను. పానాపై నిలుచుండి త్రొక్కినచో మరలు తెగును, చేతిబలము చాలును. సుమారు 50 కిలోమీటర్లు నడచిన పిదప నట్లను మరొకమారు చూడవలెను. పంచరైన చక్రమును మరునాడే బాగుచేయించి దాని తావున బిగించి, స్టెప్నీకి గాలి నింపించి, జాకీ, పానా, పిడి, చెక్కపలక నాలుగును డిక్కీలోనికి చేరినవో లేవో లెక్కించుకొనుడు.