కొత్త చోట నిద్ర ఎందుకు పట్టదు? మొదటి రాత్రి కాపలా కాసేది ఎవరు?

ఈరోజు టాపిక్ మీ అందరికీ అనుభవమే. ఊరెళ్తాం, చుట్టాలింట్లోనో, లాడ్జిలోనో, హాస్టల్లోనో పడుకుంటాం. ప్రయాణం చేసి ఒళ్లంతా అలిసిపోయి ఉంటుంది. పరుపు బాగుంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, దోమలు కూడా లేవు. అయినా నిద్ర రాదు. పన్నెండవుతుంది, ఒంటిగంట అవుతుంది, అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాం. తెల్లారుజామున ఎప్పుడో మాగన్నుగా కన్ను అంటుకునేసరికి ఎవరో తలుపు కొడతారు.

నేను ఈ టాపిక్ తీసుకోవడానికి కారణం మా అమ్మ. పోయినేడు మోకాలి నొప్పికి ఫిజియోథెరపీ చేయిద్దామని అమ్మని ఊరి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాను. మొత్తం పది రోజుల సెషన్లు. ఆవిడ కోసం కొత్త పరుపు కొన్నాను, ఏసీ ఉన్న రూమ్ ఇచ్చాను. రెండు రాత్రులు అయ్యాయి. మూడో రోజు పొద్దున్నే బ్యాగ్ సర్దేసుకుంది. "ఏంటోరా, కన్ను మూతపడట్లేదు. నన్ను ఊళ్లో దింపెయ్యి నాన్నా" అంది. ఎంత చెప్పినా వినలేదు. నాకు బాధేసింది, నిజం చెప్పాలంటే కోపం కూడా వచ్చింది. నా ఇంట్లో ఉండటం ఇష్టం లేదేమో, దానికి నిద్ర ఒక సాకేమో అనుకున్నాను. ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగిపోయింది, మోకాలి నొప్పి అలాగే ఉండిపోయింది.

అప్పుడే ఈ నిద్ర గురించి చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఇది సాకు కాదు, దీనికో పేరు కూడా ఉంది అని. ఆ పేరు "ఫస్ట్ నైట్ ఎఫెక్ట్". నవ్వకండి, మన సినిమాల్లో పాల గ్లాసు, మల్లెపూల ఫస్ట్ నైట్ కాదు ఇది! కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి అని అర్థం. 1966లో అమెరికాలో ఆగ్న్యూ, వెబ్, విలియమ్స్ అనే ముగ్గురు పరిశోధకులు 43 మందిని వరసగా నాలుగు రాత్రులు ల్యాబ్‌లో పడుకోబెట్టి, తలకి వైర్లు పెట్టి బ్రెయిన్ తరంగాల్ని రికార్డు చేశారు. మొదటి రాత్రి నిద్ర మిగతా రాత్రుల్లా లేదు. ఎక్కువసేపు మెలకువగా ఉన్నారు, కలలు బాగా వచ్చే ఆర్‌ఈఎమ్ నిద్ర తగ్గింది. అందుకే నిద్ర మీద ప్రయోగాలు చేసేవాళ్లు చాలాసార్లు మొదటి రాత్రి డేటాని లెక్కలోకి తీసుకోరు. దాన్ని అలవాటు పడే రాత్రిగా వదిలేస్తారు.

సరే, ఇలా జరుగుతుందని తెలిసింది. ఎందుకు జరుగుతుంది?

దీనికి జవాబు కోసం ముందు బాతుల దగ్గరికి వెళ్దాం. కొన్ని పక్షులు బ్రెయిన్‌లో సగభాగాన్ని నిద్రపుచ్చి, రెండో సగాన్ని మెలకువగా ఉంచగలవు. 1999లో మల్లార్డ్ బాతుల మీద ఒక ప్రయోగం జరిగింది. బాతులు వరసగా పడుకున్నప్పుడు మధ్యలో ఉన్నవి హాయిగా రెండు కళ్లూ మూసుకున్నాయి. చివర్న ఉన్నవి మాత్రం ఒక కన్ను తెరిచి పడుకోవడం ఎక్కువ. అది కూడా ఏ కన్ను? వరసకి బయటివైపు ఉన్న కన్ను! అంటే ప్రమాదం వచ్చే వైపు కాపలా అన్నమాట. డాల్ఫిన్లు కూడా ఇలా సగం బ్రెయిన్‌తోనే నిద్రపోతాయి.

మరి మనుషుల్లో? 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో మసాకో తమాకి, యుకా ససాకి అనే శాస్త్రవేత్తలు, వాళ్ల టీమ్ కలిసి 35 మంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. కొత్త చోట మొదటిసారి పడుకున్నప్పుడు గాఢనిద్రలో బ్రెయిన్ రెండు సగాలూ ఒకేలా లేవు. ఎడమ సగంలో కొంత భాగం కుడి సగం అంత గాఢంగా నిద్రపోలేదు. నిద్రపోతున్నవాళ్ల చెవుల్లో సన్నగా బీప్ శబ్దాలు వినిపించారు. మధ్యమధ్యలో ఒక తేడా శబ్దం. కుడి చెవిలో వేసిన శబ్దం ఎక్కువగా ఎడమ బ్రెయిన్‌కి చేరుతుంది కదా, అలా తేడా శబ్దం కుడి చెవిలో పడ్డప్పుడు జనం ఎక్కువగా, త్వరగా మేలుకున్నారు. అదే మనుషులు రెండోసారి వచ్చి పడుకున్నప్పుడు ఎడమ, కుడి తేడా కనిపించలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనం కూడా డాల్ఫిన్లలాగా సగం బ్రెయిన్‌తో నిద్రపోతాం అని స్టేటస్‌లు పెట్టేయకండి. మనకి రెండు సగాలూ నిద్రపోతాయి, ఒక సగం కాస్త తేలికగా పోతుంది, అంతే. పైగా ఆ ప్రయోగంలో చూసింది నిద్రలో మొదటి విడతని. రాత్రంతా ఎడమ సగమే కాపలా కాస్తుందని దాన్ని బట్టి చెప్పలేం.

నా పాత ఉద్యోగం భాషలో చెప్తాను. కంపెనీలో రాత్రిపూట ఒకళ్లు ఆన్ కాల్‌లో ఉంటారు. మిగతా టీమ్ అంతా నిద్రపోతుంది. ఆ ఒక్కరూ పడుకుంటారు కానీ ఫోన్ పక్కనే పెట్టుకుంటారు. కొత్త సర్వర్ పెట్టిన మొదటి రోజు చిన్న చిన్న విషయాలకి కూడా అలర్ట్ మోగుతుంది, ఎందుకంటే ఏది మామూలో ఏది ప్రమాదమో సిస్టమ్‌కి ఇంకా తెలీదు. కొత్త ఇంట్లో బ్రెయిన్ పరిస్థితి కూడా ఇంతే. లిఫ్ట్ చప్పుడు, పక్క ఫ్లాట్ వాళ్ల కుక్కర్ విజిల్, ఫ్రిజ్ గురగుర, అన్నీ కొత్తే.

మన పెద్దవాళ్లు ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అన్నారు. బాగా అలిసిపోతే కటికనేల మీద కూడా నిద్ర వస్తుంది, అది నిజమే. మెలకువగా ఉన్న కొద్దీ బ్రెయిన్‌లో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని నిద్ర ఒత్తిడి పెంచుతుంది. నిద్ర సుఖం అడగదు సరే, కానీ భద్రత అడుగుతుంది. పరుపు ఎంత మెత్తగా ఉన్నా, "ఇక్కడ నాకేం కాదు" అని బ్రెయిన్‌కి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం నేను కొన్న పరుపుతో రాదు, అక్కడ గడిపిన రాత్రులతో వస్తుంది.

ఇది చదువుతుంటే నాకొకటి గుర్తొచ్చింది. అంతకుముందు సంక్రాంతికి మా ఊరెళ్లాను. నేను పుట్టి పెరిగిన ఇల్లు. అమ్మ ఉతికిన దుప్పటి వేసి పక్క రెడీ చేసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు! పొద్దున్నే ఆ మాట చెప్తే అమ్మ మొహం చిన్నబోయింది. అప్పుడు నేను గమనించి కూడా పట్టించుకోలేదు. మనసుకి అది నా ఇల్లే. కానీ ఏళ్ల తరబడి హైదరాబాద్ ఫ్లాట్ చప్పుళ్లకి అలవాటుపడ్డ బ్రెయిన్‌కి అది కొత్త చోటు. మరి నేను అమ్మని ఇష్టపడక నిద్రపోలేదా? కాదు కదా. అమ్మ విషయంలో మాత్రం నేను అలాగే అనుకున్నాను.

సరే, ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం.

ఒకటి, వీలైతే మొదటి రాత్రిని ముందే ఖర్చు పెట్టేయండి. ఎగ్జామో, ఇంటర్వ్యూనో వేరే ఊళ్లో ఉంటే ఒక రాత్రి ముందు కాకుండా రెండు రాత్రులు ముందు వెళ్లండి. డబ్బులు కుదరకపోతే పర్లేదు, ఒక్క రాత్రి నిద్ర తక్కువైనంత మాత్రాన చదివిందంతా పోదు. ఆ భయమే నిద్రని ఇంకా చెడగొడుతుంది.

రెండు, పొద్దున్నే లేవాలని ఎనిమిదికే పడుకోకండి. మామూలుగా నిద్రపోయే టైమ్‌కి రెండు మూడు గంటల ముందు మన బాడీ క్లాక్ మెలకువనే గట్టిగా పట్టుకుంటుంది. రోజూ పడుకునే టైమ్‌కే పడుకోండి. సాయంత్రం కాఫీ మానేయండి, తాగిన ఐదు గంటల తర్వాత కూడా దాదాపు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది.

మూడు, ఇంట్లో ఉన్నవి కొన్ని వెంట తీసుకెళ్లండి. మీ దుప్పటి, మీ దిండు గలీబు. తెలిసిన వాసన, తెలిసిన స్పర్శ. ఫ్యాన్ లాంటి ఒకే రకమైన చప్పుడు ఉంటే ఉండనివ్వండి. హఠాత్తుగా వచ్చే చప్పుళ్లు దానిలో కొంత కలిసిపోతాయి.

నాలుగు, పడుకునే ముందు గది ఒకసారి చూసుకోండి. గడియ పడిందా, బాత్రూమ్ ఎటు, స్విచ్ ఎక్కడ. ఇది నా పద్ధతి. కాపలా మనిషికి డ్యూటీ అప్పజెప్పేముందు చుట్టూ తిప్పి చూపించినట్టు.

ఐదు, నిద్ర రాకపోతే మంచం మీద కుస్తీ పట్టకండి. ఓ ఇరవై నిమిషాలు అయిందనిపిస్తే లేచి, తక్కువ వెలుతుర్లో కూర్చుని, మళ్లీ నిద్ర వచ్చినప్పుడు పడుకోండి. రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్టు 1972లో చెప్పిన పద్ధతిలో ఇది ఒక భాగం, డాక్టర్లు ఇప్పటికీ చెప్తున్నారు. నిద్రమాత్రలు మాత్రం డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. సొంత ఇంట్లో కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోతే అది ఈ ఎఫెక్ట్ కాదు, తప్పకుండా డాక్టర్ని కలవండి.

చాలామందికి రెండు మూడు రాత్రుల్లో సర్దుకుంటుంది. కొంతమందికి ఇంకాస్త పడుతుంది. కాబట్టి మొదటి రాత్రిని బట్టి ఆ ఇంటి గురించి, హాస్టల్ గురించి, ఆ మనిషి గురించి ఏదీ తేల్చేయకండి.

రెండు నెలల తర్వాత అమ్మని మళ్లీ పిలిచాను. "నాలుగు రాత్రులు చూడు, అప్పటికీ పట్టకపోతే నేనే దింపుతా" అన్నాను. ఈసారి ఆవిడ దుప్పటి తెచ్చుకోమన్నాను. ఏసీ ఆపేసి, ఊళ్లో ఉన్నట్టే పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టాను, హాల్లో జీరో బల్బు వేశాను. మొదటి రాత్రి మూడుసార్లు లేచింది, నాకు వినపడుతూనే ఉంది. రెండో రాత్రి రెండుసార్లు. నాలుగో రోజు పొద్దున ఏడైనా అమ్మ గదిలోంచి చప్పుడు లేదు. రోజూ ఐదింటికే లేచే మనిషి! నేనే టీ పెట్టుకుని వెళ్లి తలుపు తీస్తే, లేచి టైమ్ చూసుకుని నన్ను తిట్టింది, "ముందే లేపొచ్చు కదరా" అని.

ఫిజియోథెరపీ పది రోజులూ పూర్తయింది. ఉంటానండి, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.