పిల్లలకు అంతర్జాలపు వడపోత

బిందె మూతికి తెల్లని గుడ్డ కట్టి నీరు వడపోయుట మన ఇండ్లలో ఎల్లరు ఎరిగిన పనియే. నలక గుడ్డపై నిలుచును, నీరు దిగును. ఈనాడు ఇంటింటికిని నీటితోపాటు అంతర్జాలము కూడ వచ్చి చేరినది. ఆరేండ్ల పసివాడు ఫోనులో పాటలు వినుచున్నాడు. పదేండ్ల పిల్ల తన పాఠమునకు కావలసిన బొమ్మలు వెదకుకొనుచున్నది. అదే తెరపై వారి వయస్సునకు తగని చిత్రములు, భయపెట్టు దృశ్యములు, బూతు మాటలు కూడ రాగలవు. వీనిని వడపోయు గుడ్డ ఏదైన కలదా? కలదు, ఒకటి కాదు, పలు రకములు కలవు. కాని ఏ గుడ్డ ఎంతవరకు ఆపగలదో, దాని చిరుగు ఎక్కడ ఉన్నదో తెలియనిచో, గుడ్డ కట్టితిమను ధైర్యమే మనలను మోసగించును.

పేరును బట్టి ఆపుట

అంతర్జాలములో ప్రతి సైటును నడుపు కంప్యూటరునకు అంకెలతో కూడిన చిరునామా ఉండును. అన్ని అంకెలు మనకు జ్ఞాపకముండవు గనుక పేర్లు వాడుదుము. పేరు చెప్పిన వెంటనే అంకెల చిరునామా తెలుపు ఏర్పాటును డి.ఎన్.ఎస్. అందురు. దీనిని 1983లో పాల్ మాకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. ఇది ఊరిలో ఫలానా వారి ఇల్లెక్కడ అని అడిగిన దారి చూపు తపాలా బంట్రోతు వంటిది. "ఈ యిండ్ల జాడ మాత్రము చెప్పవద్దు" అని ఆ బంట్రోతునకు ఒక పట్టిక ఇచ్చినచో ఆ యిండ్లకు దారి మూసుకొనును. 2020లో క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ ఇట్టి ఏర్పాటును ఉచితముగా అందించెను. ఇంటి వైఫై పెట్టెలో 1.1.1.3 అను చిరునామాను నమోదు చేసినచో, పెద్దలకు మాత్రమే తగిన సైటు పేరు అడిగినప్పుడు 0.0.0.0 అని జవాబు వచ్చును. ఆ చిరునామా ఎక్కడికిని చేర్చదు.

దీని చిరుగు ఎక్కడ? బంట్రోతునకు ఇల్లు తెలియును గాని, ఇంటిలోని గదులు తెలియవు. కోట్లకొలది వీడియోలున్న సైటునకు కూడ పేరు ఒక్కటే. తెరచిన అంతయు తెరువవలెను, మూసిన అంతయు మూయవలెను. మరియు ఫోను వైఫైని విడిచి సిమ్ కార్డు ద్వారా అంతర్జాలమును అందుకొన్నచో ఈ కాపలా దానికి వర్తించదు.

మాటను బట్టి ఆపుట

చెడు మాటల పట్టిక నొకటి తయారుచేసి, ఆ మాట కనబడిన చోటెల్ల ఆపుట రెండవ పద్ధతి. ఇది పైకి సులభముగా తోచును. 1996లో ఇంగ్లండులోని స్కంథోర్ప్ అను పట్టణపు వాసులకు ఏ.ఓ.ఎల్. అను సంస్థవద్ద ఖాతా తెరచుట కుదరలేదు. వారి ఊరి పేరులోని కొన్ని అక్షరములు వరుసగా చదివిన ఒక ఆంగ్ల బూతుమాట వచ్చుటయే కారణము. యంత్రము అక్షరములనే చూచినది, అర్థమును చూడలేదు. ఇట్టి వడపోత రొమ్ము క్యాన్సరును గూర్చిన వైద్యవ్యాసమును కూడ ఆపివేయగలదు. మరొక వైపు, ఆంగ్ల మాటలకై చేసిన పట్టికలో తెలుగు తిట్టు ఉండదు. దానిని ఇంగ్లీషు అక్షరములలో నలుగురు నాలుగు విధములుగా వ్రాసినచో అది ఇంకను సులభముగా జారిపోవును.

బొమ్మను బట్టి ఆపుట

చెడు చిత్రమని ఒకసారి నిర్ధారణ యైన బొమ్మకు వేలిముద్ర వంటి సంఖ్యను కట్టి దాచవచ్చును. 2009లో మైక్రోసాఫ్ట్ సంస్థయు, హనీ ఫరీద్ అను ఆచార్యుడును కలిసి ఫోటో డి.ఎన్.ఏ. అను ఇట్టి పద్ధతిని రూపొందించిరి. ఇందు బొమ్మను నలుపు తెలుపులకు మార్చి, చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోను వెలుగునీడల మార్పును లెక్కించెదరు. బొమ్మ పరిమాణము కొంత మార్చినను ముద్ర దాదాపు అట్లే నిలుచును. అయితే ఇది పాత దొంగనే పట్టును. కొత్త బొమ్మను పట్టుటకు, లక్షలకొలది చిత్రములు చూపి శిక్షణ నిచ్చిన యంత్రము కావలెను. అది నిశ్చయముగా చెప్పలేదు, అంచనా వేయును. అంచనాలో పొరపాటు తప్పదు.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. 10,000 బొమ్మలలో 100 చెడ్డవి, 9,900 మంచివి అనుకొందము. యంత్రము చెడ్డవానిలో నూటికి 99 పట్టుననియు, మంచివానిలో నూటికి ఒకటి మాత్రమే పొరపాటున ఆపుననియు అనుకొందము. అప్పుడు 99 చెడ్డ బొమ్మలు చిక్కును, ఒకటి తప్పించుకొనును. మంచివానిలో కూడ 99 ఆగిపోవును. అనగా ఆగిన 198 బొమ్మలలో సగము నిర్దోషులే! కన్నములు చిన్నవి చేసినచో జీవశాస్త్ర పాఠములు కూడ ఆగును; పెద్దవి చేసినచో చెడ్డవి మరికొన్ని దిగును.

వేషము వేసికొని వచ్చునవి

2017లో మరియొక సంగతి బయటపడినది. పిల్లలు ఎరిగిన కార్టూను పాత్రలతోనే హింస, భయము నింపిన వీడియోలు యూట్యూబులో అనేకము కనబడినవి. పేరు మంచిదే, బొమ్మ పరిచితమే; కథ మాత్రము చెడ్డది. ఒక వీడియో ముగియగానే మరొకటి తనంతట ప్రారంభమగు ఏర్పాటుచే పసివారు వెదకకయే వాని దరి చేరిరి. ఆ సంవత్సరమే యూట్యూబు సంస్థ అనేక చానెళ్ళు మూసివేసి, వేలకొలది వీడియోలు తొలగించెను.

పలు సైట్లు 13 సంవత్సరములు నిండినవా అని అడుగును. ఇది పిల్లల మానసిక పరిణతిని కొలిచి పెట్టిన హద్దు కాదు. అంతకన్న చిన్నవారి వివరములు తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదని 1998లో అమెరికాలో చేసిన చట్టమునుండి వచ్చినది. తప్పు పుట్టినతేదీ వ్రాసినవాడు ఈ గడప సులభముగా దాటును.

చేయదగిన పని

కావున వడపోతలు వాడవలెను, ఒకదానిపై ఒకటి వాడవలెను. చిన్నపిల్లలకు వేరు ఖాతా ఏర్పరచి, వీడియోలు తమంతట తాము నడచుటను నిలిపివేయవలెను. ఫోనును నలుగురు తిరుగు గదిలోనే చూడనీయవలెను. అయినను నూటికొకటి దాటి వచ్చునని మన లెక్కయే చెప్పినది. అది కంటబడిన నాడు బిడ్డ ఏమి చేయును? ఫోను లాగికొని దండించుదురను భయమున్నచో దాచును. రెండవసారి ఒంటరిగా చూచును, లేక తనను బెదరించువాని మాట వినును. "నీ తప్పు కాదు, చూచినది చెప్పుము" అని తల్లియో, గురువో ముందే చెప్పియుంచినచో పరుగున వచ్చి చెప్పును. ఎవరైన బిడ్డను బెదరించుచున్నచో, లేక వేధించుచున్నచో 1098 అను పిల్లల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఉపాధ్యాయులు ఈ సంఖ్యను తరగతి గోడపై వ్రాయించి, ఏడాదికొక పాఠము దీనికై కేటాయించుట మంచిది. బిడ్డకు మనపై గల నమ్మకము ఏ యంత్రమును అమర్చిపెట్టలేదు. దానిని మనమే సంపాదించుకొనవలెను.