మంచి ధ్వనికి పెద్ద ధర తప్పదా?

శ్రోతలు మాకు వ్రాయు లేఖలలో ఒక ప్రశ్న ఏండ్లు గడచినను మారలేదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నచో ఇంటిలో పాట పాటవలె, మాట మాటవలె వినిపించును? వాల్వుల పెట్టెలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినవి. టేపురికార్డర్లు వచ్చినవి, పోయినవి. నేడు చేతిలో ఫోను, బల్లపై బ్లూటూత్ పెట్టె, స్తోమత గలవారి ఇండ్లలో హోమ్ థియేటరు కలవు. ప్రశ్న మాత్రము అదియే. దీనికి సమాధానము మాకు స్టూడియోలో కంటె గంగవరములో స్పష్టముగా దొరకినది.

చిత్తూరు జిల్లాలో పలమనేరునకు చేరువనున్న ఆ ఊరికి పట్టుపురుగులు పెంచు రైతుల మాటలు రికార్డు చేయుటకై వెళ్లియుంటిమి. పని ముగిసిన పిమ్మట ఒక రైతు మమ్ము తన ఇంటికి పిలిచెను. ఆయన తండ్రికి ఎనుబదియేండ్లు పైబడినవి. ఉదయము భక్తిరంజని, పూటపూటకు వార్తలు, ఇవియే ఆ పెద్దాయన కాలక్షేపము. కాని కొత్తగా కట్టిన ఇంటిలోనికి మారినది మొదలు మాట తెలియుట లేదని రేడియోను ఆపివేయించుచున్నాడట. కొడుకు మనసు నొచ్చుకొన్నది. పెద్ద సౌండు సెట్టు కొనుటకై పాడి ఆవునొకదానిని పలమనేరు సంతకు తోలుటకు నిశ్చయించుకొని, ఏది కొనుమందురని మమ్ము అడిగెను.

ముందు ఆ గదిని చూచితిమి. సిమెంటు గోడలు, నున్నని బండలు, పైన కాంక్రీటు కప్పు, సామాను స్వల్పము. రేడియో ఒక మూల ఇనుప బీరువాపై చేతికందని ఎత్తున ఉన్నది. మంచము గదికి ఆ చివర. మేము ఒకసారి చప్పట్లు చరచితిమి. చేతులు విడిపోయిన పిదప కూడ గది మ్రోగుచునే ఉండెను.

ధ్వని మన చెవికి రెండు త్రోవల చేరును. కొంత నేరుగా వచ్చును. తక్కినది గోడలకు, కప్పుకు తగిలి, తిరిగి తిరిగి ఆలస్యముగా వచ్చును. పాత పెంకుటింటిలో పెంకుల సందులు, ధాన్యపు మూటలు, దండెములపై బట్టలు ఈ తిరుగుడు ధ్వనిని చాలవరకు మ్రింగివేసెడివి. కొత్త ఇంటిలో మ్రింగునది లేదు. ఒక అక్షరపు తోక మరియొక అక్షరముపై పడును. అచ్చులు బలముగలవి గనుక నిలుచును, హల్లులు మునిగిపోవును. 'పాలు', 'కాలు', 'తాలు' అను మాటలకు భేదము మొదటి హల్లులోనే కదా! ముసలితనమున చెవి మొదట కోల్పోవునదియు హల్లులకు ఆధారమైన ఆ హెచ్చు స్థాయి ధ్వనులనే. ఇక శబ్దము పెంచినచో నేరుగా వచ్చునది ఎంత పెరుగునో, తిరిగి వచ్చునదియు అంతే పెరుగును. ఆవును అమ్మి తెచ్చిన సెట్టు అదే మూలనుండి అదే గజిబిజిని మరింత గట్టిగా వినిపించెడిది.

ఈ సంగతిని లెక్కకు తెచ్చినవాడు వాలెస్ సబైన్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఫాగ్ మ్యూజియములోని ఉపన్యాసశాలను బాగుచేయుమని ఆయనను కోరిరి. ఖాళీగానున్న ఆ శాలలో పలికిన మాట అణగుటకు సుమారు అయిదున్నర సెకనులు పట్టుచుండెడిది! ఆయన సమీపమందలి నాటకశాలనుండి రాత్రివేళ దిండ్లు తెప్పించి పరపించుచు, ఆర్గను గొట్టమును మ్రోగించి, ఎన్ని దిండ్లకు మ్రోత ఎంత తగ్గుచున్నదో కొలిచి, తెల్లవారకముందే వానిని తిరిగి పంపుచుండెడివాడు. గది పరిమాణము, అందులోని వస్తువులు ధ్వనిని మ్రింగు శక్తి, ఈ రెంటినిబట్టి మ్రోత నిర్ణయమగునని తేల్చెను. 1900లో తెరచిన బోస్టను సింఫనీ హాలు ఈ లెక్కల ఫలమే.

గంగవరములో దిండ్లు లేవు గాని బొంతలు కలవు. దండెము కట్టించి రెండు బొంతలను గోడపై మడతలు మడతలుగా వ్రేలాడదీయించితిమి. రేడియోను బీరువాపైనుండి దింపి, మంచము ప్రక్క ముక్కాలిపీటపై, చెవి ఎత్తున, మోము పెద్దాయనవైపు తిరుగునట్లు ఉంచితిమి. 16 అడుగుల దూరము 4 అడుగులకు తగ్గినది. దూరము సగమైనచో నేరుగా వచ్చు ధ్వనిశక్తి నాలుగు రెట్లగును. ఇక్కడ రెండు మారులు సగమైనది గనుక పదునారు రెట్లు. సాయంకాలపు వార్తలు వచ్చినవి. పెద్దాయన మాతో ఏమియు అనలేదు. కొడుకువైపు తిరిగి, "రేపు వాన పడతాదంట రా, చెనిక్కాయలు లోపలేయండి" అన్నాడు.

డబ్బు చేయలేనిది మరియొకటి కలదు. పంపనిదానిని ఏ యంత్రమును వినిపింపజాలదు. మన చెవి 20 మొదలు 20,000 కంపనములవరకు వినగలదు. మీడియం వేవులో కేంద్రమునకు కేంద్రమునకు ఎడము 9 కిలోహెర్ట్జులే గనుక పాటలో చెవికందునది సుమారు 4,500 కంపనములవరకే. ఎఫ్.ఎం.లో 15,000 వరకు వచ్చును; మన దేశమున ఆకాశవాణి దానిని 1977 జూలై 23న మద్రాసులో ప్రారంభించినది. కాని ఎఫ్.ఎం. తరంగములకు కొండలు అడ్డుపడును. పలమనేరు ప్రాంతపు మెట్టలలో లక్ష రూపాయల సెట్టుకంటె కిటికీ వెలుపలికి లాగిన మూర తీగ ఎక్కువ మేలు చేసిన సందర్భములు కలవు. వాట్ల సంఖ్యను చూచియు మోసపోరాదు. శబ్దము చెవికి రెండింతలుగా తోచుటకు శక్తి సుమారు పదిరెట్లు కావలెను.

అట్లని ఖరీదుగల యంత్రములన్నియు వట్టివని మేము అనము. మృదంగపు ఎడమ మూత, తంబురా మంద్రతంతి వినవలెనన్న చాల గాలిని కదలింపవలెను. దానికి వెడల్పైన స్పీకరు, పెద్ద పెట్టె అవసరము. టేపురికార్డర్ల కాలమున పల్లెటూరి యువకులు స్పీకరును కుండమూతిపై బోర్లించి వినెడివారు. నవ్వవలసిన పనిలేదు. స్పీకరు వెనుకనుండి వచ్చు అల ముందటి అలను చంపివేయును. కుండ ఆ వెనుక అలను లోపల బంధించును. మట్టిపనికి పేరుపడిన పలమనేరు కుండకు ఇదియొక గౌరవము! దోషమేమనగా, ఘటమునకువలె కుండకును తన స్వరము తనకు కలదు. ఏ పాట వేసినను మృదంగము ఆ ఒక్క స్వరమునే పలుకును. మందపు పలకలతో బిగించి, లోపల దూది కూరిన చెక్కపెట్టె ఈ దోషమును తగ్గించును. మంచి కంపెనీలవారు ధరలో కొంత తీసికొనునది ఈ శ్రద్ధకే. సంగీతమునందు అంతటి మక్కువ గలవారు ఆ సొమ్ము వెచ్చింపవచ్చును. గదిని చక్కబెట్టిన తరువాత.

గంగవరపు ఆవు దొడ్డిలోనే ఉన్నది. కాని గోడమీది బొంతలు ఇంటి కోడలికి నచ్చలేదట. చుట్టములు వచ్చినప్పుడెల్ల తీసివేయుచున్నారనియు, ఆ పూట నాయనకు మాట మరల తెలియుటలేదనియు కొడుకు మాకు వ్రాసెను. మందమైన నూలుగుడ్డతో తెర కుట్టించుకొనుమని, గోడ వెడల్పునకు రెండింతల గుడ్డ తీసికొని మడతలు దండిగా ఉంచుమని జవాబు వ్రాసితిమి.