దూరం వెళ్లే సైకిలుకు లావు టైర్లు ఎందుకు?

ఫ్రాన్స్‌లో పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిలు యాత్ర 1891లో పందెంగా మొదలైంది. ఇప్పుడు అందులో సుమారు 1,200 కిలోమీటర్లను 90 గంటల్లోపు తొక్కాలి. అంత దూరంలో ప్రతి గతుకూ చేతులనూ నడుమునూ అలిసిపోయేలా చేస్తుంది. లావు టైర్లు ఆదుకునేది అక్కడే.

ఎందుకు?

లావు టైరులో ఎక్కువ గాలి పడుతుంది. అందుకే తక్కువ ఒత్తిడితోనే మన బరువు మోస్తుంది. గులకరాయి తగిలితే టైరు ఆ చోట లోపలికి నొక్కుకుని, దాటగానే మళ్లీ ఉబ్బుతుంది. సైకిలు ఎగిరిపడదు, మన శక్తి వృథా కాదు.

లావు టైరుకు చోటెలా వస్తుంది?

వెనక టైరుకూ పెడల్ దగ్గరి పళ్లచక్రానికీ మధ్య ఇరుకు సందులోంచి ఫ్రేము గొట్టం వెళ్లాలి. ఫ్రేము ఉక్కుదైతే, ఉక్కు చాలా గట్టిది కాబట్టి సన్నని గొట్టం సరిపోతుంది. టైరు పక్కన దాన్ని కొద్దిగా నొక్కి సొట్ట పెడితే మరింత చోటు దొరుకుతుంది. టైరు చుట్టూ ఖాళీ ఉంటే బురద పట్టేయదు, మడ్‌గార్డూ పడుతుంది. ఉక్కు బరువే, కానీ విరిగితే వెల్డింగుతో అతికించవచ్చు.

మీ సైకిలు టైరు పక్కన వెడల్పు, గాలి ఒత్తిడి అంకెలు ఉంటాయి, చదవండి. ఆ ఒత్తిడి పరిమితి దాటి గాలి కొట్టించకండి.