పోచంపల్లి నేతవీధి

ప్రాచీన నగరములను చూడబోవు యాత్రికులు కోటను చూతురు, దేవాలయమును చూతురు, మ్యూజియమును చూతురు. వీధి వారి దృష్టిలో ఒక చోటినుండి మరియొక చోటికి పోవు త్రోవ మాత్రమే. కాని ఒక ఊరి ప్రజలు ఏ పని చేసి బ్రతికిరో, ఇరుగుపొరుగులతో ఎట్లు కలిసిమెలిసి యుండిరో తెలిసికొనగోరువారికి కోటగోడకంటె పాతవీధియే ఎక్కువ విషయములు చెప్పగలదు.

చీనా దేశమందలి సూచౌ పట్టునేతకు పేరెన్నికగన్న నగరము. అందు పింగ్‌జియాంగ్ అను వీధి కాలువగట్టు వెంట సాగిపోవును. 1229వ సంవత్సరమున ఆ నగరపు పటమును ఒక శిలాఫలకముపై చెక్కిరి. 800 ఏండ్లు కావచ్చినను ఆ ఫలకముపై గల కాలువను, వీధిని నేటి యాత్రికుడు కాలినడకన పోల్చుకొనగలడు. అంత దూరము పోలేనివారికి నల్లగొండ సీమలోనే చూడదగిన వీధులు కలవు. అవి పోచంపల్లి నేతవీధులు. వీని పటమును ఎవరును రాతిపై చెక్కలేదు. వయస్సున ఇవి సూచౌ వీధికి సాటిరావు. ఐనను వీనికి ఒక ప్రత్యేకత కలదు. ఏ పనివలన ఈ వీధులకు పేరు వచ్చినదో ఆ పని నేటికిని ఆ యిండ్లలోనే జరుగుచున్నది.

పోచంపల్లి హైదరాబాదునకు తూర్పుగా 40, 50 కిలోమీటర్ల మధ్య దూరమున నున్నది. విజయవాడకు పోవు రహదారినుండి ఉత్తరముగా తిరిగినచో ఊరు చేరవచ్చును. చిరకాలము నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఇక్కడి నేల మెట్ట. చెరువు నిండిన యేడు పంట, నిండని యేడు ఎదురుచూపు. ఇట్టి ప్రదేశమున గుంటెడు భూమి లేనివాడు సహితము తన యింటనే కూర్చుండి చేసికొనదగిన వృత్తికి ఎంత విలువ యుండునో ఊహింపవచ్చును.

ఈ సీమలో మగ్గము పాతదే. కాని పోచంపల్లికి కీర్తి తెచ్చిన రంగుల నేత అంత పాతది కాదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో అది సముద్రతీరమందలి చీరాలనుండి ఈ మెట్టసీమకు వచ్చినది. చీరాలలో తేలియా రుమాలు అను బట్టను నేసెడివారు. నూలును నూనెలోను, ఆముదపు కాయలను కాల్చిన బూడిదనీటిలోను పలుమారులు నానవేసి, పిసికి, ఎండబెట్టుదురు. అందువలన నూలు ఎర్రరంగును గాఢముగా పీల్చుకొనును, బట్టను నూనెవాసన విడువదు. తేలియా అను పేరు ఆ నూనెను బట్టియే వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు వన్నెలు గల ఈ చదరపు రుమాళ్ళు ఓడలనెక్కి అరబ్బు దేశములకు పోయెడివి. నల్లగొండ సీమలోని పద్మశాలీలు ఆ విద్యను నేర్చి, రుమాళ్ళతో ఆగక చీరలకును మరల్చిరి. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున పట్టునూలు కూడ వచ్చి చేరినది. సమీపమందలి పుట్టపాకలో తేలియా రుమాలును నేటికిని నేయుచున్నారు. 2020లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఇంతకును ఈ విద్యలోని విశేషమేమి? సాధారణముగా బట్టను నేసిన పిదప దానిపై బొమ్మలు అద్దుదురు. లేదా రంగునూలు తెచ్చి నేయుదురు. పోచంపల్లిలో బట్ట పుట్టకముందే బొమ్మ నూలుపై పుట్టవలెను. దీనిని చిటికి అందురు. బయటి ప్రపంచము దీనిని ఇక్కత్ అనును. అది కట్టుట అను అర్థము గల మలయా మాట. ఎర్రని చీరపై తెలుపు, పసుపు వన్నెల పువ్వు కావలెననుకొందము. మొదట నూలుపై తెల్లగా ఉండవలసిన చోట్లనెల్ల బిగించి కట్టి, నూలును పసుపురంగులో ముంచుదురు. పిదప పసుపుగా నిలువవలసిన చోట్లను కూడ కట్టి, ఎరుపులో ముంచుదురు. కట్లు విప్పినపుడు మూడు వన్నెలును నూలుపై కనబడును. కట్టుటకు సైకిలు ట్యూబులను సన్నని పీలికలుగ కోసి వాడుదురు. పువ్వులో ఎన్ని వన్నెలున్న అన్నిసార్లు ఈ కట్టుడు, ముంచుడు, ఆరబెట్టుడు జరుగవలెను. లెక్క ఒక్కచోట తప్పినచో మగ్గముపై పువ్వు విరిగిపోవును.

ఈ కట్టుడునకు ముందు జరుగు పనియే మిక్కిలి కష్టమైనది. దానిని సందర్శకులు తరచు గమనింపరు. పేకనూలును బొమ్మకు తగిన కొలతకు తెచ్చుటకు ఆసు పోయవలెను. ఆసు అనగా ఒక వైపున ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా వరుసగ అమర్చిన మేకులు గల చట్రము. నూలును చేతబట్టి ఆ మేకునుండి ఈ మేకునకు, ఈ మేకునుండి ఆ మేకునకు త్రిప్పుచుండవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు తిరుగును. నాలుగైదు గంటల కాలము పట్టును. అనాదిగ ఈ పని ఇంటి ఆడవారిదే. రోజునకు రెండు చీరలకు ఆసు పోసిన తల్లికి సాయంకాలమునకు భుజము లేవదు. చీరను మెచ్చుకొనువారు మగ్గముపై కూర్చున్నవానిని మెచ్చుకొందురేగాని గోడవారను ఆసు పోయు తల్లిని తలపరు.

ఆలేరు సమీపమందలి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుచున్న ఈ బాధను చూచి ఆసు పోయు యంత్రమును నిర్మింప బూనెను. ఆయన పెద్దచదువులు చదివినవాడు కాడు. కొన్ని ఏండ్లు శ్రమించి 1999లో యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగినది. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది. ఈ యంత్రము మగ్గమును తొలగింపలేదు, నేతగాని చేతిని తొలగింపలేదు. భుజపు నొప్పిని మాత్రమే తొలగించినది. పాతవృత్తికి క్రొత్తయంత్రము శత్రువు కానక్కరలేదని ఈ వీధులలో నేర్చుకొనవచ్చును.

ఇక మగ్గమును చూతము. ఇది గుంటమగ్గము. నేలలో త్రవ్విన గుంటలో కాళ్ళు దించి, నేలమట్టమున కూర్చుండి, పాదములతో తొక్కుచు నేయుదురు. గుంటలోని చల్లదనము పడుగుదారములను తేమగా ఉంచును. దారము త్వరగా తెగదు. ఎండలు మెండైన ఈ మెట్టసీమలో ఇది చిన్న ఉపకారము కాదు. ఒక పడుగున సాధారణముగ ఏడెనిమిది చీరలు వచ్చును. అంత పొడవు గల పడుగు ఏ యింటను పట్టదు. కావున దానిని వీధిలో సాచి, దారములను సరిచేయుదురు. అపుడు ఇరుగుపొరుగులు వచ్చి చేయి వేయుదురు. నేడు వీరి పడుగు, రేపు వారి పడుగు. వీధి పొడవుగా, తిన్నగా ఉండుట ఈ పనికి అవసరము. నేతవీధి రాకపోకల త్రోవ మాత్రమే కాదు, అది అందరికిని ఉమ్మడి పనిచోటు.

ఈ ఊరిలో చూడదగినది మరియొకటి కలదు. అది వినోబా మందిరము. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే కాలినడకన పోచంపల్లి చేరెను. అపుడు తెలంగాణమున భూమికై సాయుధపోరాటము సాగుచుండెను. ఊరిలోని భూమిలేని హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని ఆయనతో మొరపెట్టుకొనిరి. ఇచ్చువారెవరైన ఉన్నారా యని వినోబా సభలో అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇత్తుననెను. భూదానోద్యమము అచట పుట్టి దేశమంతట వ్యాపించినది. ఊరు భూదాన్ పోచంపల్లి యైనది. దానముగ ప్రకటింపబడిన భూమి యంతయు బీదల చేతికి చేరలేదన్నది కూడ చరిత్రయే. కాని నేతవీధిని చూచినవారికి ఈ కథలో ఒక సంగతి తోచును. కూలివానికి నేల ఎట్టిదో నేతగానికి నూలు అట్టిది. తనకు పని యున్నను, ఆ పనికి మూలమైన వస్తువు తన చేతిలో లేనివాని బ్రతుకు పరాధీనమే.

నేతగాని కష్టము ఇచ్చటనే మొదలగును. నూలు ధర పెరిగినను చీర ధర వెంటనే పెరుగదు. పెట్టుబడికి అప్పు చేయవలెను. దీనికి తోడు, ఇక్కత్ బొమ్మలను యంత్రముపై అచ్చువేసిన బట్టలు అంగళ్ళలో చవకగా దొరకుచున్నవి. ఇరువురు మనుష్యులు దినములు తరబడి పాటుపడిన చీరప్రక్కన ఆ అచ్చుచీరను పెట్టి, బొమ్మ ఒక్కటే కదా, ధరలో ఇంత భేదమేలయని కొనువారు అడుగుదురు. సమాధానము చెప్పి చెప్పి విసిగిన తండ్రి తన కుమారుని చదువుకు, ఉద్యోగమునకు పట్నము పంపుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు.

కాని ఆ భేదమును తెలిసికొనుట మన చేతిలో నున్నది. అది కష్టము కాదు. చీరను తిరుగవేసి చూడవలెను. చిటికిపనిలో రంగు దారములోనే యుండును గనుక బొమ్మ ఇరువైపుల ఒక్కరీతిగ కనబడును. అచ్చుబట్టలో వెనుకవైపు తరచు వెలవెలబోవును. పువ్వు అంచులు గీచినట్లుండక, నీటిలో కదలు నీడవలె కొంచెము చెదరియుండును. కట్టుక్రింద రంగు కొద్దిగ ప్రాకుటవలనను, దారము వెంట్రుకవాసి జరుగుటవలనను అట్లగును. అది లోపము కాదు, చేతిపనికి ఆనవాలు. గుజరాతులోని పాటన్ పటోలాలోను, జపానువారి కసూరిలోను, ఇండోనీషియా దీవుల ఇక్కత్ లోను కూడ ఇట్టి నూలుకట్టుడు విద్యయే కలదు.

పోచంపల్లి ఇక్కత్ కు 2005లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగ ఎన్నుకొనినది. సంతోషమే. కాని యాత్రికులు పెరిగినకొలది వీధిలో అంగళ్ళు పెరుగును. అంగళ్ళ వెనుక మగ్గములు మిగిలినంతకాలమే అది నేతవీధి.

ఈ వీధులకు పోగోరువారు ఉదయముననే పోవుట మంచిది. మగ్గపుచప్పుడు విని, అనుమతి అడిగి, చెప్పులు విడిచి లోనికి పోవలెను. పడుగును తాకరాదు, ఒక్క దారము తెగినచో దానిని అతుకుటకు నేతగాడు పని నిలుపవలసివచ్చును. మగ్గము చూచిన పిదప ఆసు ఎవరు పోసిరో అడిగి ఆ తల్లితో కూడ రెండు మాటలు మాటలాడవలెను. ఈ పడుగు ఎన్ని దినములు పట్టునని అడిగినచో ధరను గూర్చి వేరుగ అడుగనక్కరలేదు.

పాలమూరు సీమవారు ఇంత దూరము రానక్కరలేకయే తమ గద్వాలలో మరియొక రీతి నేతను చూడవచ్చును. అచట చీర నడుమ నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెంటిని మగ్గముపైననే దారమునకు దారము మెలివేసి కలుపుదురు. నారాయణపేటలో గళ్ళచీరలు ప్రసిద్ధములు. ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క చేతివాటము కలదు.

రాతికోట ఎవరును పట్టించుకొనకున్నను కొన్ని శతాబ్దములు నిలుచును. నేతవీధి అట్లు నిలువదు. పిల్లవాడు తండ్రిప్రక్కన మగ్గముపై కూర్చుండుట మానిన నాటితో దాని చరిత్ర ముగియును. ఇండ్లు మాత్రము మిగులును. అతడు కూర్చుండవలెనన్న ఆ పనిలో అన్నము, గౌరవము రెండును దొరకవలెను. అవి దొరకుట వీధిలోనివారి చేతులలోకంటె, చీరను తిరుగవేసి చూచి కొను మన చేతులలోనే ఎక్కువగ నున్నది.