పోయేటప్పుడు ఆరున్నర గంటలు, వచ్చేటప్పుడు గంటన్నరేనా?

ప్రశ్న: టికెట్ మీది టైములు చూస్తే గన్నవరం నుంచి సింగపూర్ పోవడానికి ఆరున్నర గంటలు, తిరిగి రావడానికి గంటన్నర పడుతున్నట్టుంది. వచ్చేటప్పుడు విమానం అంత వేగంగా వస్తుందా?

ఉంగుటూరు నుంచి ఈ ప్రశ్న అడిగిన పాప తీసివేత సరిగ్గానే చేసింది. కాకపోతే ఆ రెండు టైములూ రెండు వేర్వేరు ఊళ్ల గడియారాలవి.

ముందు దూరం చూద్దాం. గన్నవరం నుంచి సింగపూర్‌కు ఆకాశమార్గాన సుమారు 3,050 కిలోమీటర్లు. ఇండిగో 2018 డిసెంబరులో ఇక్కడి నుంచి నేరుగా విమానం వేసి కొన్ని నెలలకే ఆపేసింది. 2025 నవంబరులో మళ్లీ మొదలుపెట్టింది. విమానం పైకెక్కాక గంటకు 850 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ లెక్కన మూడున్నర గంటల పైచిలుకు. రన్‌వే దాకా విమానం నడవడం, పైకెక్కడం, కిందికి దిగడం కలిపితే దాదాపు నాలుగు గంటలు. పోయినా, వచ్చినా అంతే.

మరి మిగతా తేడా ఎక్కడిది? భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్న ఊరికి పొద్దు ముందు పొడుస్తుంది. మన దేశమంతటి గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం (నిలువు గీత) కాకినాడ దగ్గరగా పోతుంది. ఉంగుటూరు దానికి కాస్త పడమర కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున ఆరేడు నిమిషాలు ఆలస్యం. అలాగని ఊరికో గడియారం పెట్టుకుంటే రైళ్లు నడవవు!

సింగపూర్ మనకు 23 డిగ్రీలు తూర్పున ఉంది. 23ను 4తో హెచ్చవేస్తే 92 నిమిషాలు, అంటే గంటన్నర. కానీ సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఆ అదనపు గంట సూర్యుడిది కాదు, ప్రభుత్వాలది. 1982లో మలేషియా తన గడియారాన్ని అరగంట ముందుకు జరిపితే, పక్కనే ఉన్న సింగపూర్ కూడా జరుపుకుంది. అంతకు ముందే అక్కడి గడియారం సూర్యుడి కంటే కొంత ముందుంది. అందుకే అక్కడ ఏడాది పొడవునా పొద్దు పొడిచేసరికి ఉదయం ఏడవుతుంది. మే నెలలో మన మామిడి తోటల్లో ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది.

ఇప్పుడు సాయంత్రం 6కు గన్నవరంలో ఎక్కారనుకోండి. నాలుగు గంటలకు 10. రెండున్నర కలిపితే అక్కడ 12.30. అక్కడ మధ్యాహ్నం 2కు ఎక్కితే దిగేటప్పటికి అక్కడి టైము 6. రెండున్నర తీసేస్తే ఇక్కడ 3.30.

గాలి వల్ల కొద్ది నిమిషాల తేడా రావచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణాది మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి వీస్తుంది. ఆ రోజుల్లో పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. అయినా గంటల తేడా మాత్రం గాలి వల్ల రాదు.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. గన్నవరానికి ఎదురెళ్లేవాళ్లు అందులోంచి మళ్లీ రెండున్నర తీసేయకండి, అది మన టైమే.